వడ్లు, మినుములు, బియ్యం ఏడాదంతా పురుగు పట్టకుండా నిల్వ చేసుకోవడం ఎలా

మన గుంటూరు, బెజవాడ వైపు పురుగు గోల ఆషాఢ, శ్రావణ మాసాల్లోనే గట్టిగా వినబడుతుంది. "ఎండాకాలమంతా బాగానే ఉన్నాయండీ, నాలుగు వానలు పడగానే పుచ్చిపోయినాయి" అంటారు. వానకు పురుగు పుట్టదు. సంక్రాంతికి ఇంటికొచ్చిన వడ్లతోనో, మార్చిలో నూర్చిన మాగాణి మినుములతోనో, గదిలో మూలనున్న పాత గోతాంతోనో అది అప్పుడే వచ్చి కూర్చుంది. గింజ లోపలే పెరిగింది కాబట్టి మన కంటికి ఆనలేదు, అంతే. వాన కాలపు తేమ దాని సంతానానికి ఊతమిచ్చింది.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. పప్పుధాన్యాలకు పట్టే పుచ్చు పురుగు ఆడది ఒక్కటి వంద గుడ్ల దాకా పెడుతుంది. మన వేడికి గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి దాదాపు నెల చాలు. అందులో సగం ఆడవైతే రెండో కాన్పుకి అయిదు వేలు, మూడో కాన్పుకి రెండున్నర లక్షలు. అన్నీ బతకవు. బతికినన్ని చాలు, బస్తా గుల్ల కావడానికి. జులైలో మీరు చూసే పురుగు ఏప్రిల్ పురుగుకి మనవలో మునిమనవలో అన్నమాట.

అందుకని ఈ పనిలో ముప్పాతిక వంతు బస్తా మూతి కుట్టకముందే అయిపోవాలి. పురుగు కనబడ్డాక చేసేది మిగిలిన పావు వంతు. అది ఖర్చుతో కూడుకున్నది, కొంత ప్రమాదం కూడా. కింద చెప్పేదంతా ఆ వరసలోనే ఉంటుంది.

ముందు ఏ పురుగో తేల్చుకోండి

అన్నిటినీ కలిపి "పురుగు" అనేస్తే చికిత్స తప్పుతుంది. గుప్పెడు గింజలు తెల్ల కాగితం మీదో స్టీలు పళ్లెంలోనో పోసి, వెలుతురులో నిదానంగా చూడండి.

ముదురు గోధుమ రంగులో, మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవుతో, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కుతో ఉంటే అది ముక్కు పురుగు. వీపు మీద లేత ఎరుపు మచ్చలు నాలుగు ఉంటాయి. బియ్యం, జొన్నలు, గోధుమలు, మొక్కజొన్న దీనికిష్టం. ఆడ పురుగు గింజకు చిన్న రంధ్రం చేసి, అందులో గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. ఆ గింజ బయటికి నిక్షేపంలా కనబడుతుంది. పిల్ల లోపల తింటూ పెరిగి, పెద్దదై, కన్నం చేసుకుని బయటికొస్తుంది. అందుకే ఇవాళ బియ్యం శుభ్రంగా చెరిగి పెట్టినా మూడు వారాల్లో మళ్లీ పురుగులు కనబడతాయి. మీ చెరగడంలో లోపమేమీ లేదు. గింజల్లో దాక్కున్నవి బయటికొచ్చాయి.

వడ్ల బస్తా ఎత్తితే కింద పిండి రాలుతోందా? అది నుసి పురుగు పని. గుండ్రని గొట్టం ఆకారంలో ఉంటుంది, పైనుంచి చూస్తే తల కనబడదు. పిల్లలూ తింటాయి, పెద్దవీ తింటాయి. పొట్టు నోరు తెరుచుకున్న వడ్లలోకి, మిషన్లో దెబ్బతిన్న వడ్లలోకి సులువుగా దూరుతుంది.

గడ్డి రంగులో చిన్న రెక్కల పురుగులు బస్తాల చుట్టూ ఎగురుతుంటే వడ్ల చిలుక. ఇది పొలంలోనే కంకి మీద గుడ్లు పెట్టి గింజతో పాటు ఇంటికొస్తుంది. రాశి లోతుకు పోలేదు, పై పొరలోనే తిరుగుతుంది. నూకల్లో, రవ్వలో గింజలు బూజు పట్టినట్టు దారాలతో ఉండకట్టుకుంటే అది వేరే రెక్కల పురుగు, దాని గొంగళి అల్లిన గూడు అది.

ఎర్రటి చిన్న పెంకు పురుగులు, ఇళ్లలో చాలామంది లక్క పురుగులనేవి, నిండు గింజని కొరకలేవు. పిండి, నూక, రవ్వ, ఇతర పురుగులు వదిలిన నుసి వీటి తిండి. ఇవి ఎక్కువగా కనబడ్డాయంటే మీ గింజల్లో నూక, దుమ్ము ఎక్కువన్నా ఉండాలి, ముందే వేరే పురుగు పనిచేసైనా ఉండాలి. ఇవి బాగా పెరిగిన పిండికి ఘాటు వాసన వస్తుంది. ఆ పిండి జల్లించి వాడుకోవాలని చూడొద్దు, పారేయండి.

మినుములు, పెసలు, కందులకు వచ్చేది పుచ్చు పురుగు. దీన్ని మాత్రం గుడ్డు దశలోనే పట్టుకోవచ్చు. ఒక్క మినప గింజని వేళ్ల మధ్య పట్టుకుని టార్చి వెలుగులో తిప్పండి. నల్లటి పైతోలు మీద గుండుసూది తల కన్నా చిన్న మచ్చ అంటుకుని ఉంటుంది. గోటితో గీకితే ఊడదు. అది నీటి బొట్టులా మెరుస్తుంటే గుడ్డు ఇంకా పగల్లేదు. తెల్లగా, మెరుపు లేకుండా ఉంటే పిల్ల అప్పటికే గింజలోకి తొలుచుకుపోయింది. ఇంకొన్నాళ్లకు అదే గింజకు ఒకవైపు గుండ్రంగా తోలు పలచబడి, లోపలి నీడ కనబడుతుంది. పురుగు ఆ మూత నెట్టుకుని వస్తుంది. పెద్ద పురుగు గింజ తినదు. బతికే కొద్ది రోజులూ గుడ్లు పెట్టడమే దాని పని.

తేమ: అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు

వడ్లు ఏడాది నిల్వ ఉండాలంటే తేమ 12, 13 శాతం మించకూడదు. మినుములు, పెసలు, కందులకు 9 శాతం దగ్గరికి తేవాలి. జొన్న, మొక్కజొన్నకు 12 శాతం.

ఇక్కడ రైతులు పొరపడే చోటు ఒకటుంది. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యానికి 17 శాతం దాకా తేమ ఒప్పుకుంటారు. "మిషను పెట్టి చూశారండీ, పాసైంది" అని అదే వడ్లు తిండికని నాలుగు బస్తాలు ఇంట్లో వేసుకుంటారు. 17 శాతం అమ్మకానికి పెట్టిన హద్దు. ఆ ధాన్యం మిల్లుకెళ్లి త్వరలో ఆడబోతుంది. దాన్నే గదిలో పెట్టి ఆగస్టు దాకా ఉంచితే బస్తా మధ్యలో వేడెక్కి, బూజొచ్చి, పురుగుకి పండగ. కోత మిషను వచ్చాక ఈ బాధ ఎక్కువైంది. కోసి కుప్పేసి నూర్చిన రోజుల్లో వడ్లు కుప్పలోనే చాలావరకు ఆరేవి. ఇప్పుడు పొద్దున కోస్తే సాయంత్రానికి ట్రాక్టర్లో పచ్చిగింజ వచ్చేస్తోంది, తేమ 20 శాతం దాటి.

కాబట్టి తిండిగింజల్ని, విత్తనాన్ని అమ్మే రాశి నుంచి మొదటి రోజే విడదీయండి. బరకం మీద రెండు మూడు అంగుళాల మందాన పరిచి, గంటకోసారి కాలితోనో పలకతోనో తిరగేయండి. నేల మీద నేరుగా పోయొద్దు, కింది తేమ ఎక్కుతుంది. రాత్రి మంచుకి కప్పేయాలి. ఒకసారి ఎండిన గింజ మళ్లీ తడిస్తే లోపల పగుళ్లిస్తుంది, మిల్లులో నూకవుతుంది. నూకెక్కువైతే లక్క పురుగుకీ దారి తెరిచినట్టే.

మీటరు ఉంటే రైతు సేవా కేంద్రంలో కొలిపించుకోండి. లేకపోతే గింజ పంటి కింద పెట్టి కొరకండి. కటుక్కున విరగాలి. నలిగినా, సాగినా ఇంకా ఎండాలి. దీనికన్నా నమ్మకమైన ఇంటి పరీక్ష ఉప్పు సీసా. పొడిగా ఉన్న గాజు సీసాలో మూడో వంతు గింజలు, రెండు చెంచాల బాగా ఎండిన మెత్తటి ఉప్పు వేసి, మూత బిగించి, కాసేపు కుదిపి పావుగంట వదిలేయండి. ఉప్పు సీసా గోడలకి అంటుకుంటే తేమ 15 శాతం పైన ఉన్నట్టు. ఉప్పు పొడిపొడిగా కిందికి రాలితే అంతకన్నా తక్కువ. ఆ పైన ఇంకో రెండు ఎండలు ఇస్తే వడ్లకు ధైర్యంగా ఉండొచ్చు.

ఎండలోంచి తీసిన వేడి గింజని వెంటనే బస్తాలో నింపొద్దు. నీడకు మార్చి, పూర్తిగా చల్లారాక నింపండి. వేడిగా మూట కడితే లోపలి ఆవిరి నీరై పై పొర తడుస్తుంది.

బియ్యం విషయంలో దీనికి తిరగేసి చేయాలి. బియ్యాన్ని మన మే నెల ఎండలో పోస్తే గింజ పగిలి, అన్నం ముద్దవుతుంది. బియ్యం ఎప్పుడైనా నీడలో, గాలి తగిలే చోట ఆరబోయాలి.

తూర్పారబట్టడం, పాత బస్తాలు, గది

తాలు, నూక, మట్టి, కలుపు గింజలు తీసేయకుండా నిల్వ పెట్టడం అంటే పురుగుకి మెత్తటి తిండి కూడా కలిపి పెట్టడమే. తూర్పారబట్టి, జల్లెడ పట్టండి. కిందపడ్డ నుసిని వాకిట్లో పోయకుండా కాల్చేయండి, లేదా కోళ్లకు వేయండి.

పాత గోతాలు నిరుటి పురుగుని దాచుకుంటాయి. కుట్ల మడతల్లో చూస్తే మీకే తెలుస్తుంది. లోపలి వైపు బయటికి తిప్పి, దులిపి, సలసలా మరిగే నీళ్లలో ముంచి, మంచి ఎండలో రెండు రోజులు ఆరేయండి. విత్తనానికి వాడే గోతాలైతే లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల మలాథియాన్ కలిపిన ద్రావణంలో పది నిమిషాలు నానబెట్టి ఆరబెడతారు. తిండిగింజల గోతాలకి ఆ మందొద్దు, మరిగే నీళ్లు చాలు.

కొత్త గింజ వచ్చే ముందు గది ఖాళీ చేసి, మూలలు, కిటికీ చెక్కల సందులు, గోడ బీటలు చీపురుతో గీకి ఊడవండి. బీటలు సిమెంటుతో మూయండి, సున్నం వేయండి. పెద్ద గోడౌను ఉన్నవాళ్లు ఖాళీ గదిలో గోడలకీ నేలకీ మలాథియాన్ 50 ఇ.సి. మందుని ఒక పాలు వంద పాళ్ల నీటిలో కలిపి, వంద చదరపు మీటర్లకు మూడు లీటర్ల చొప్పున పిచికారీ చేస్తారు. అది గోడలకి, నేలకి వేసే మందు. గింజ మీద పడకూడదు. మనుషులు పడుకునే ఇంట్లో ఈ పని అసలు వద్దు.

పాత గింజ ఉన్న గదిలో కొత్త గింజ వేయొద్దు. బస్తా అడుగున రెండు కేజీలు మిగిలాయని కొత్తవి వాటి మీదే పోయడం చాలా ఇళ్లలో జరుగుతుంది. ఆ రెండు కేజీలు ముందు వండేసుకోండి.

దేంట్లో పోయాలి

డెల్టా ఊళ్లలో ఒకప్పుడు ప్రతి పెద్దింటి ముందూ గడ్డి తాడు చుట్టి కట్టిన పురి ఉండేది, లోపల గాదె ఉండేది. పురి గాలాడుతుంది, వడ్లు కమ్మకుండా ఉంటాయి. ఎలుకకీ, రెక్కల పురుగుకీ మాత్రం అడ్డు తక్కువ. ఇప్పుడు గోతాలే మిగిలాయి కాబట్టి వాటి సంగతి చూద్దాం.

వడ్ల బస్తాలు నేల మీద పెట్టొద్దు. కింద చెక్కలో దుంగలో వేసి, పైన నెట్టు కట్టండి. సిమెంటు నేలయినా వానాకాలం చెమ్మ పైకి లాగుతుంది, కాబట్టి చెక్కల కింద ఒక ప్లాస్టిక్ పట్టా పరవండి. గోడకీ నెట్టుకీ మధ్య మనిషి దూరి చూసేంత సందు, ఒకటిన్నర రెండు అడుగులు ఉండాలి. ఆ సందు లేకపోతే వెనక వరస బస్తాలు పాడైన సంగతి దీపావళికి గానీ బయటపడదు. బస్తా మూతి దబ్బనంతో దగ్గర దగ్గర కుట్లు వేసి, పురికొస బిగించండి.

ఇంటి తిండికి నా సలహా ఒకటే. బియ్యంగా కాదు, వడ్లుగా నిల్వ పెట్టండి. నోరు తెరవని ఊక గింజకు మంచి కవచం. రెండు మూడు నెలలకు సరిపడా ఆడించుకుంటూ పోతే పాత బియ్యపు రుచీ దక్కుతుంది, ముక్కు పురుగు బెడదా తగ్గుతుంది. పాలిష్ పట్టని ముడిబియ్యం, దంపుడు బియ్యం మరీ తొందరగా పురుగు పడతాయి, తవుడులో నూనె ఉండటం వల్ల ముక్క వాసన కూడా వస్తుంది. వాటిని నెలకు సరిపడా మించి తెచ్చుకోవద్దు.

గాలి చొరని సంచుల గురించి చెప్పాలి. లోపల రెండు మందపాటి ప్లాస్టిక్ పొరలు, పైన మామూలు నేత సంచి ఉండే మూడు పొరల సంచులు దొరుకుతున్నాయి. ఈ పద్ధతిని మొదట ఆఫ్రికాలో అలసందల రైతుల కోసం అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు తయారు చేశారు. గింజ నింపి, గాలంతా నొక్కేసి, ఒక్కో పొర మూతినీ విడివిడిగా మెలితిప్పి, మడిచి, గట్టిగా కట్టాలి. లోపలున్న పురుగులే ఉన్న ప్రాణవాయువుని వాడేసుకుంటాయి. తరవాత తినడం మానేసి, ఎండిపోయి చస్తాయి. మందు చుక్క అక్కర్లేదు. విత్తన మినుములకి ఇంతకన్నా మంచి దారి నాకు తెలిసి లేదు.

రెండు జాగ్రత్తలు. సరిగ్గా ఎండని గింజ ఇందులో పెడితే బూజు పట్టి మొత్తం పోతుంది, గోతంలోనన్నా కొంత దక్కేది. రెండోది, మాటిమాటికీ తెరవొద్దు. తెరిచిన ప్రతిసారీ పురుగుకి ఊపిరి పోసినట్టే. కనీసం నెలా రెండు నెలలు ముట్టుకోకండి. ఎలుకలు కొరక్కుండా చూసుకోండి. ఇదే సూత్రం ఇంట్లో స్టీలు డ్రమ్ముకీ వర్తిస్తుంది. నిండా నింపిన బిగుతు మూత డబ్బా మంచిది. సగం ఖాళీ డబ్బాలో గాలి ఎక్కువ, ఉపయోగం తక్కువ.

మినుములు, పెసలు, కందులు

మాగాణి మినుము మనకు ఫిబ్రవరి, మార్చిలో ఇంటికొస్తుంది. మళ్లీ వరి కోతకు ముందు నవంబరు, డిసెంబరులో చేలో చల్లాలి. అంటే విత్తనం ఎనిమిది తొమ్మిది నెలలు, నడిమధ్య వానాకాలమంతా దాటాలి. పుచ్చు పురుగు ఎక్కువ నష్టం చేసేది ఇక్కడే. పొలంలో ఎండుకాయ మీదే అది గుడ్డు పెట్టేస్తుంది, కాబట్టి కాయ ఎండగానే ఆలస్యం లేకుండా కోసి, నూర్చి, ఎండబెట్టండి.

తినే మినుములకి రోహిణి కార్తె ఎండ మంచి మందు. డాబా మీద గోనె పరిచి, దాని మీద నల్ల ప్లాస్టిక్ పట్టా వేసి, మినుములు పలచగా ఒక అంగుళం మందాన పోసి, పైన తెల్లటి, లోపలికి కనబడే ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులకు ఇటుకలు పెట్టండి. మిట్టమధ్యాహ్నం లోపలి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. గింజలో ఉన్న పిల్లతో సహా చస్తుంది. రెండు మధ్యాహ్నాలు ఇలా చేసి, నీడలో చల్లార్చి, డబ్బాకెత్తండి. విత్తనానికి మాత్రం ఈ పద్ధతి వద్దు. అంత వేడికి మొలక దెబ్బతినొచ్చు. విత్తనాన్ని ఉత్త గోనె మీద మామూలుగా ఎండబెట్టండి, రేకుల మీద, కాలే తారు రోడ్డు మీద పోయకండి.

నూనె పట్టించడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. కేజీకి 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీస్పూను. క్వింటాకు అర లీటరు. ఆముదమైనా, నువ్వుల నూనైనా, వేరుశనగ నూనైనా సరే. కొద్దికొద్దిగా చేతికి రాసుకుంటూ ప్రతి గింజకీ అంటేట్టు కలపాలి. నూనె పొర మీద గుడ్డు సరిగ్గా అతుక్కోదు, అతుక్కున్నదానికి గాలాడదు. అప్పటికే లోపలికి పోయిన పిల్లని నూనె చంపలేదు. అందుకే ఎండబెట్టిన తరవాత నూనె పట్టించాలి గానీ ముందు కాదు.

విత్తనానికి కచ్చిక బూడిద, అంటే పిడకల బూడిద బాగా పనిచేస్తుంది. మెత్తగా జల్లించి, గింజల మధ్య సందులు నిండేట్టు కలిపి కుండలోనో డ్రమ్ములోనో పోయండి. బూడిద పురుగు ఒంటి మీది మైనపు పొరని గీకేస్తుంది, ఒంట్లో తేమ పోయి చస్తుంది. వేప గింజల పొడి అయితే క్వింటా విత్తనానికి ఒక కేజీ. చేదు కాబట్టి తినేవాటికి పనికిరాదు. కుండలో గింజల పైన అంగుళం మందాన పొడి ఇసుక పోస్తే పైకి వచ్చిన పురుగు జతకట్టి మళ్లీ గింజ దాకా పోలేదు. ఖర్చు లేని పని, తప్పక చేయండి.

కందులు ఇంటి వాడకానికైతే ఎండల్లోనే పప్పు పట్టించేయండి. పుచ్చు పురుగు గుడ్డు పెట్టడానికి నిండు గింజనే వెతుక్కుంటుంది. చీలిన పప్పు జోలికి పెద్దగా పోదు.

ఎండు మిర్చి, పసుపు, ధనియాలకు వచ్చేది వేరే చిన్న గోధుమ రంగు పెంకు పురుగు, సూది బెజ్జాల్లాంటి కన్నాలు చేస్తుంది. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలకు పోయేది రంగు కోసమే కాదు, ఆ చల్లదనంలో ఈ పురుగు సంతతి ఆగిపోతుంది కూడా. ఇంట్లో పచ్చడి మిర్చికి బాగా ఎండబెట్టి బిగుతు డబ్బాలో పెట్టడమే మార్గం.

కొట్టులో కొన్న బియ్యం బస్తా

26 కేజీల బస్తా ఇంటికి రాగానే పూర్తిగా విప్పి, గుప్పెడు మధ్యలోంచి తీసి చూడండి. పై పొర ఎప్పుడూ బాగానే ఉంటుంది. డబ్బా ఖాళీ చేసి, కడిగి, ఎండబెట్టి, ఆ తరవాతే కొత్త బియ్యం పోయండి. ఎండిన వేపాకు, వావిలాకు, ఎండు మిరపకాయలు వేయడం మంచిదే. పురుగు రాకుండా కొంత ఆపుతాయి, లోపలున్న పురుగుని చంపవు. వేపాకు నీడలో పెళపెళలాడేట్టు ఎండాలి. పచ్చాకు వేస్తే తేమ మీరే చేర్చినట్టు.

బోరిక్ పౌడరు కలిపే అలవాటు మన జిల్లాల్లో చాలా ఇళ్లలో ఉంది. దయచేసి మానేయండి. అది క్యారంబోర్డు మీద చల్లే పొడి, తిండిలో కలపడానికి అనుమతి లేదు. ఎంత కడిగినా కొంత మిగులుతుంది. ఇంట్లో పసిపిల్లలున్నా, కడుపుతో ఉన్న ఆడపిల్ల ఉన్నా మరీ ప్రమాదం. డబ్బాలో వేయమని అమ్మే పాదరసం బిళ్లలూ అంతే, తిండిగింజల పక్కన పాదరసానికి చోటు లేదు.

పురుగు పట్టేసిన బియ్యమైతే నీడలో పలచగా పరవండి. వెలుతురుకి చాలా పురుగులు పక్కలకు పాకుతాయి. చాటలో చెరిగి, జల్లించి, వెంటనే వేరే పొడి డబ్బాలోకి మార్చి, మూడు నాలుగు వారాల్లో వండేసుకోండి. తీసిన పురుగుల్ని, నుసిని మరిగే నీళ్లలో పోయండి. పెరట్లో విదిలిస్తే అవి మళ్లీ ఇంట్లోకే వస్తాయి. ముక్కు పురుగు విషం కాదు, బాగా కడిగి వండుకోవచ్చు. బూజు వాసన వస్తే, గింజ రంగు మారితే మాత్రం ఎవరికీ పెట్టకండి, పశువులకు కూడా.

రవ్వ, శనగపిండి, చిరుధాన్యాలు కొద్దిగా ఉంటే డీప్ ఫ్రీజరులో నాలుగు రోజులు ఉంచండి, గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక పొట్లం అలాగే మూసి ఉంచి, గది వేడికి వచ్చాక విప్పండి. లేకపోతే చెమర్చి తడుస్తుంది.

పదిహేను రోజులకోసారి చూడండి

ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఇది తప్పనిసరి. బస్తా మధ్యలోకి ఇనప చువ్వ గుచ్చి, పది నిమిషాలాగి తీసి, చెయ్యి పెట్టి చూడండి. గది కన్నా వేడిగా ఉంటే లోపల పురుగో బూజో పనిచేస్తోంది. ఒక కేజీ గింజ జల్లెడ పట్టి, కింద ఏం రాలిందో చూడండి. గుప్పెడు గింజలు నీళ్లలో వేయండి, గుల్లవి తేలతాయి. పెద్ద రాశి ఉన్నవాళ్లు చిల్లుల గొట్టం ఉచ్చు పెట్టుకోవచ్చు. గింజలో నిలువుగా గుచ్చితే తిరిగే పురుగులు చిల్లుల్లోంచి దూరి, కింద గిన్నెలో పడతాయి. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారు చేసిన ఉచ్చు ఇది. మొదటి రెండు మూడు పురుగులు దొరికినప్పుడే ఆ బస్తా తీసి విడిగా పెట్టి, ఎండబెట్టండి. మిగతా నెట్టు దక్కుతుంది.

బిళ్లల జోలికి పోవద్దు

ఇది మాత్రం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల్ని బస్తాలో వేసి, ఆ గదిలోనో పక్క గదిలోనో పడుకుని పోయిన ప్రాణాలు మన రాష్ట్రంలోనూ, దేశమంతటా ఉన్నాయి. మూడు గ్రాముల బిళ్ల ఒక్కటి గాల్లోని తేమకి కరిగి ఒక గ్రాము ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. తలుపు సందుల్లోంచి, గోడ బీటల్లోంచి, పై అంతస్తుకి కూడా పాకుతుంది. దీనికి విరుగుడు మందు లేదు. అందుకే ఈ బిళ్లల్ని ప్రభుత్వ సంస్థలు, లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్లు నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే వాడాలని నిబంధన ఉంది. కొట్లో చాటుగా ఇచ్చినా మీరు తీసుకోవద్దు.

పైగా ఇంట్లో చేసే పద్ధతిలో పనికూడా సరిగ్గా జరగదు. నెట్టుని గాలి చొరని పట్టాతో కప్పి, అంచుల మీద ఇసుక పాములు, అంటే ఇసుక నింపిన పొడవాటి సన్న సంచులు, పెట్టి మూసి, కనీసం ఏడు రోజులు ఉంచితే గానీ గుడ్లు, గింజలోని గూడు దశ పురుగులు చావవు. గోతంలో బిళ్ల వేసి మూతి కడితే గ్యాసు రాత్రికి రాత్రే బయటికి పోతుంది. చావని పురుగులు మందుకి అలవాటు పడిన సంతానాన్ని కంటాయి. మన దేశపు గోడౌన్లలో లక్క పురుగు, నుసి పురుగు ఫాస్ఫీన్‌ని తట్టుకునే స్థితికి వచ్చింది ఈ అరకొర వాడకం వల్లే.

గోడౌను నిండా సరుకుండి తప్పదనుకుంటే లైసెన్సున్నవాళ్లని పిలిపించండి. మనుషులు ఉండే ఇంటికి ఆనుకుని ఉంటే ఆ గోడౌనులో చేయించొద్దు. ఒకవేళ ఎవరికైనా ఆ గాలి సోకి తలనొప్పి, వాంతులు, ఛాతీ బిగుసుకోవడం, ఆయాసం కనబడితే వెంటనే ఆరుబయటికి తెచ్చి, 108కి ఫోను చేసి, బిళ్ల పేరు డాక్టరుకి చెప్పండి. కాసేపు బాగానే ఉన్నట్టు కనబడినా ఇంట్లో ఉంచొద్దు. మిగిలిన బిళ్లల మీద నీళ్లు పోయొద్దు, గ్యాసు ఒక్కసారిగా వచ్చి మంటలు లేవొచ్చు.

చల్లే ముందు విత్తనం పరీక్ష

అక్టోబరులో మినుము విత్తనం తెరిచి, ఏరకుండా, వచ్చినవి వచ్చినట్టుగా వంద గింజలు లెక్కపెట్టండి. తడి గోనె ముక్క మీద వరసగా పేర్చి, చుట్టి, నీడలో పెట్టి, ఆరకుండా నీళ్లు చల్లుతూ ఉండండి. నాలుగైదు రోజుల్లో విప్పి, మంచి మొలకలు లెక్కపెట్టండి. ధ్రువీకరించిన మినుము విత్తనానికి 75 శాతం మొలక ఉండాలని ప్రమాణం. 75 దాటితే మాగాణిలో ఎకరానికి ఎప్పటిలాగే 16 నుంచి 18 కేజీలు చల్లండి. 60, 65 దగ్గర ఉంటే ఆ మేరకు విత్తనం పెంచండి. అంతకన్నా తగ్గితే ఆ మినుముల్లో పుచ్చు లేనివి ఇంట్లో పప్పుకి వాడుకుని, గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫారంలోనో మీ మండలంలోనో కొత్త విత్తనానికి ముందుగానే అడిగి పెట్టుకోండి. వరి కోతలు దగ్గరపడ్డాక అడిగితే దొరకదు.